వినోదక్క మొగులు పాట

మా మామ హనుమండ్లుకు తన క్లారినెట్ తప్ప లోకంలో ఇంకేదీ సరిగ్గా పలకదని గట్టి నమ్మకం. చొప్పదండిలో ఎన్నో ఏళ్లుగా పెళ్లిళ్ల బ్యాండు నడుపుతున్నాడు. అందరూ మాస్టర్ అంటారు. నేను ఆయన మేనల్లుణ్ని, కొండల్‌ని. శాక్సోఫోన్ ఊదుతాను. మధ్యలో కొన్నేళ్లు దుబాయ్ పోయి, ఒక పెద్ద హోటల్లో బల్లలు తుడిచి, విసుగెత్తి మళ్లీ ఇదే బ్యాండులోకి వచ్చి పడ్డాను. నాకు ముక్కు మీద కోపం అని మావాళ్లంటారు. ఉంటే ఉంది. ఈ కథ చెప్పడానికి కొంచెం కోపం అవసరమే.

కథ వినోదక్కది. ఆమె మా బ్యాండులో పాడుతుంది. ఆమె భర్త పర్శరాములు మా బ్యాండులోనే పెద్ద డోలు వాయిస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో ఉప్పు అయిపోయినా నోటితో చెప్పడు, పళ్లెం మీద వేళ్లతో కొడతాడని అక్క వేళాకోళం చేస్తుంది.

అక్క పుట్టిల్లు కాగజ్‌నగర్. నాయనమ్మ చిందు భాగవతం ఆడేది, అదీ రాజుల వేషాలు. మీసం అతికించుకుని, కత్తి పట్టుకుని ఆమె పద్యం ఎత్తుకుంటే ముందు కూర్చున్న పిల్లలు ఏడ్చి అవ్వల ఒళ్లోకి పారిపోయేవారట. ఆ గొంతు మనవరాలికి వచ్చింది. ఖాళీ నీళ్ల గాబులోకి వంగి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, బరువుగా, గుండ్రంగా. ఆడపిల్లకు అలాంటి గొంతు ఉంటే మనవాళ్లు ఊరుకుంటారా? బడిలో ప్రార్థన పాటకు వెనక వరసలో నిలబెట్టి, ఊరికే పెదాలు కదుపు, గొంతు తియ్యకు అన్నారట. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఆమె మాట విని ఒకరి మొహం ఒకరు చూసుకుని, బయటికి వెళ్లాక పగలబడి నవ్వారట. పర్శరాములు మాత్రం ఆ గొంతు విన్నాకే సంబంధం ఖాయం చేసుకున్నాడు. వాడు జన్మలో చేసిన తెలివైన పని అదొక్కటే అని నేనంటాను.

పెళ్లిళ్లు లేని నెలల్లో అక్క నాట్లకు కైకిలి, అంటే కూలికి, పోతుంది. ఒక ఏడు వాన ముఖం చాటేసింది. బోరు కింద ఉన్న నాలుగు మళ్లలోనే నాట్లు. అక్కడ వంగి నాటేస్తూ, పైకి చూస్తే మబ్బు, కిందికి చూస్తే నెర్రెలు, ఆమె తనంతట తాను ఒక పాట కట్టింది.

*మొగులైతె కమ్మింది ఓ నా మావ*
*చినుకైతె రాలలే ఓ నా మావ*
*నారైతె ముదిరింది ఓ నా మావ*
*నాగలెప్పుడు కడుతవు ఓ నా మావ*

మొగులంటే మబ్బు. అక్క ముందు మాట అందుకుంటుంది, పక్కన నాటేసే ఆడవాళ్లు "ఓ నా మావ" అని జవాబిస్తారు. వంగడం, నాటడం, అడుగు వెనక్కి వెయ్యడం. ఆ పని ఎంత మెల్లగా నడుస్తుందో పాట కూడా అంతే మెల్లగా నడుస్తుంది. తరువాత పెళ్లిళ్లలో కూడా పాడింది. అక్కడే భానుప్రసాద్ చెవిలో పడింది.

భానుప్రసాద్‌కు కరీంనగర్‌లో స్టూడియో ఉంది. జానపదాలు రికార్డు చేసి, పొలాల్లో డ్యాన్సు వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడతాడు. మనిషి తియ్యగా మాట్లాడతాడు. తేనె పూసిన మాట ఎప్పుడూ నాకు గిట్టదు, కానీ నన్నెవరడిగారు?

"అక్కా, గీ పాట మన చానెల్ల పెడదాం. నీ పేరు తెలంగాణ మొత్తం మారుమోగుతది" అన్నాడు.

అక్క కొత్త చీర కట్టుకుని కరీంనగర్ వెళ్లింది. గాజుగదిలో నిలబడి, చెవులకు డబ్బాలు పెట్టుకుని, ఒక్క పట్టున పాడేసింది. మంచిగొచ్చింది అక్కా అని చాయ్ తాగించి పంపాడు.

కొన్ని వారాలకు పాట మా ఫోన్లలోకి వచ్చింది. తెల్లటి పిల్ల ఒకతె లంగా ఓణీలో గట్ల మీద ఎగురుతోంది. పాట గుర్రం మీద పోతోంది. గొంతు సన్నగా, చురుగ్గా, పదహారేళ్ల పిల్ల పాడినట్టుంది. చివర పేర్లు వేశారు. కెమెరా ఎవరు, డ్రోన్ ఎవరు, జడలు అల్లింది ఎవరు, ఆఖరికి భోజనాలు పెట్టిన ఆయన పేరు కూడా ఉంది. పాడింది ఎవరు అన్నచోట 'టీమ్' అని ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

వాడు చేసిన విద్య నాకు వెంటనే తెలిసిపోయింది. పాత టేపు రికార్డరులో క్యాసెట్టు గబగబా తిరిగితే మగవాడి గొంతు కూడా ఆడపిల్ల గొంతయ్యేది గుర్తుందా? అదే. కంప్యూటర్లో స్పీడు పెంచేశాడు. పాటకు డీజే ఊపు వచ్చింది, గొంతు సన్నబడింది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

అక్క ఫోను చెవికి ఆనించుకుని రెండోసారి కూడా విన్నది.

"గిది నేనేనా?" అంది.

పర్శరాములు చాలాసేపు ఆలోచించి నోరు విప్పాడు. "నువ్వే. గని నువ్వు గాదు."

పాట ఊరూరా పోయింది. ఏ పెళ్లికి పోయినా మొగులు పాట పాడుండ్రి అని అడిగేవాళ్లే. మాకు సంబరం కావాలి కదా? కాలేదు. అక్క పాడటం మొదలుపెట్టగానే కుర్రవాళ్లు ఫోన్లు తీసి ఆమె మొహం ముందు పెట్టేవారు.

"గట్ల గాదక్కా. అగో, ఒరిజినల్ గిట్లుంటది. గట్ల పాడు."

ఆమె పాట ఆమెకే నేర్పుతున్నారు! నాకు ఒళ్లు మండి ఒకడితో కలబడబోతే మామ నా కాలరు పట్టుకుని ఆపాడు. అక్క మాత్రం సరే చూద్దామని గొంతు పైకెత్తి ప్రయత్నించింది. వేములవాడలో ఒక పెళ్లిలో అలా ఎత్తి ఎత్తి చివరికి గొంతు పగిలి దగ్గు అందుకుంది. పెళ్లివాళ్లు మొహం తిప్పుకున్నారు. ఇంకో రెండు చోట్ల, పాట సరిగ్గా రాని బ్యాండు మాకెందుకని వేరేవాళ్లను మాట్లాడుకున్నారు.

మామ అక్కను పిలిచాడు. బ్యాండు సామాను మోసే ఆటో ట్రాలీ పక్కన, స్పీకర్ల మధ్య కూర్చుని మాట్లాడాడు. ఆయన చెడ్డవాడు కాదు. పదిమంది పొట్టలు ఆయన చేతిలో ఉన్నాయి, అంతే.

"బిడ్డా, నిన్ను తీసేస్త అంటలేను. నువ్వు మైకు పట్టుకొని నిలబడు. పాట డబ్బాల కెళ్లి వస్తది. నువ్వు పెదాలు కదిపితె సాలు."

అక్క మొహం నల్లబడింది. కోపం వస్తే ఆమె గొంతు ఇంకా కిందికి పోతుంది.

"బడిల గూడ గదే జెప్పిన్రు మాస్టర్. నేను ఆడనే బడి ఇడిసిపెట్టిన."

"మరేం జేద్దామంటవ్? జనం అడుగుతున్నరు."

"చొప్పదండి పెండ్లి ఉన్నది గదా. గా ఒక్క పెండ్లిల నన్ను నా గొంతుతోని పాడనియ్యి. జనం వద్దంటె నువ్వు జెప్పుడు కాదు, నేనే మైకు నీ చేతుల పెట్టి నాట్లకు పోత."

మామ మీసం దువ్వుకున్నాడు. "మన ఊరి పెండ్లి అది. ఇజ్జత్ పోతె మొత్తం పోతది."

"పోతె నాది పోతది."

సరే అన్నాడు. ఇష్టం లేకుండానే అన్నాడు. అక్క వెళ్లి ట్రాలీ నీడలో కూర్చుంది. నేను టిఫిన్ డబ్బా తీసుకుని పక్కన చేరాను. నాకు ఓదార్చడం రాదు. తెలిసిన మాట చెప్పడం వచ్చు. అందుకని డెల్ఫిన్ గురించి చెప్పాను.

నేను బల్లలు తుడిచిన దుబాయ్ హోటల్లో రోజూ సాయంత్రం ఒక పాటకచేరీ ఉండేది. పాడే ఆమె డెల్ఫిన్. అమెరికా నల్లజాతి మనిషి, డెబ్బై దగ్గర పడినా నిటారుగా నిలబడేది. వెనక పియానో, డ్రమ్ములు, ఒక పెద్ద ఫిడేలు, శాక్సోఫోన్. ఆ పాటను జాజ్ అంటారని అక్కడే తెలిసింది. పాటను ఉన్నచోట ఉండనియ్యదు ఆమె. తాళం ముందు పోతుంటే తాను వెనకాల తీరిగ్గా నడిచి, సరిగ్గా చేరాల్సిన చోటికి చేరేది. గొంతు బరువు. అచ్చం మా అక్క గొంతులాంటిదే. మొదటిరోజు ఆ గొంతు విని నేను చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోతే సూపర్‌వైజర్ తిట్టాడు.

ఆ గుడ్డ మీదే శాక్సోఫోన్ వేళ్లు ఆడిస్తుంటే ఒకసారి ఆమె కంటపడ్డాను. నువ్వు ఊదుతావా అంది. పెళ్లిళ్ల బ్యాండు మేడమ్ అన్నాను. ఆమె పెద్దగా నవ్వి, నేను మొదలుపెట్టింది శవాల బ్యాండుతో అంది. వాళ్ల దగ్గర కూడా శవం ముందు బాజా నడుస్తుందట. అప్పటినుంచి సిబ్బంది భోజనాల గదిలో నా ఎదురుగా కూర్చునేది. నా ఇంగ్లీషు అరకొర, ఆమె ఓపిక నిండు. అలా కొంచెం కొంచెంగా తన బతుకు చెప్పింది.

"గామెది గూడ పత్తి పండే జిల్లానేనట అక్కా, మన ఆదిలాబాద్ లెక్క" అన్నాను. "అవ్వ బాపు ఇద్దరు పత్తి ఏరేటోళ్లు. చర్చిల పాడుకుంట పెరిగింది. తర్వాత బ్యాండుతోని బస్సుల ఊర్లు తిరిగింది. హోటళ్ల పాడేది, గా హోటళ్లనే అన్నం పెట్టకపోయేది. తెల్లోళ్ల హోటల్ గదా. పాట అయినంక వెనక దర్వాజ కెళ్లి బయటికొచ్చి బస్సుల కూసొని తినేదట."

అక్క ముద్ద కలుపుతూ ఆగింది. "చిందోళ్లకు గూడ గంతే. ఆట అయ్యేదాక రాజు, అయినంక వాకిట్ల ఆకు."

"అసలు ముచ్చట విను. గామె మొదటి పాట రికార్డు తీసిన్రు. మస్తు అమ్ముడువోయింది. గని అట్ట మీద గామె ఫొటో లేదు. తెల్లపిల్ల ఒకతె కారు మీద కూసున్నట్టు ఏసిన్రు. నల్ల మొకం ఏస్తె దుకాణాల అమ్ముడువోదని."

అక్క తినడం మానేసింది. "మరి ఏం జేసింది?"

"కంపెనోడితోని కొట్లాడింది, అయ్యేది లేదు పొయ్యేది లేదు. ఇగ గా రికార్డు ఎక్కడెక్కడ అమ్ముడువోయిందో గా ఊరికల్ల పోయి పాడింది. నువ్వు గాదు అనేటోళ్లట. మొకం మీదనే. పాట అయిపొయ్యేదాక ఉండి చెప్పుండ్రి అనేదట. ఒక్కొక్క ఊరు అక్కా. ఒక్క ఊరు తర్వాత ఒక్క ఊరు."

"గొంతు పెంచమన్నోళ్లు లేరా?"

"ఉన్నరు. పాట మొదలువెట్టే ముందుగాల్ల బ్యాండోళ్లకు తన శృతి జెప్పేది. వాండ్లు రావాలె గామె కాడికి, గామె పోదు. నా ఇల్లు కిందనే ఉన్నది, చుట్టాలొస్తె కిందికే రావాలె అనేది."

అక్క చెయ్యి కడుక్కుంటూ, "నాకు ఊర్లు తక్కువేం లేవు" అంది.

పెళ్లి దగ్గర పడుతుండగా భానుప్రసాద్ మా ఊరికే వచ్చాడు. కారు దిగి, స్వీట్ల డబ్బా అక్క చేతిలో పెట్టి, మొగులు పాట ఇంతమంది చూశారు అంతమంది చూశారని లెక్కలు చెప్పి, రెండో పాట కావాలన్నాడు. కరీంనగర్‌లో పెద్ద స్టేజీ ప్రోగ్రాం కూడా ఉందట. ఆ తెల్లపిల్ల ముందు డ్యాన్సు చేస్తుంది, అక్క తెర వెనక నిలబడి పాడాలి.

"తెర ఎందుకు?" అని అడిగింది అక్క.

"జనం ఒక మనిషిని అనుకున్నరు గదక్కా. వాళ్ల ఊహ చెడగొట్టొద్దు."

"రెండే మాటలు తమ్మీ. నా పేరు ఎయ్యి. స్పీడు పెంచకు. గివి రెండు ఒప్పుకుంటె ఎన్ని పాటలంటె అన్ని పాడుత."

భానుప్రసాద్ నవ్వాడు. చిన్నపిల్ల చందమామను అడిగితే నవ్వినట్టు నవ్వాడు. "గట్లయితె ఎవ్వలు వింటరక్కా? నీ పాట నడుస్తున్నదంటె నా స్పీడుతోనే. గా మోటు గొంతు ఉన్నదున్నట్టు పెడితె..." అని ఆగిపోయాడు. అక్కడితో ఆగినందుకు వాడి అదృష్టం. నేను అప్పటికే అరుగు దిగాను.

అక్క స్వీట్ల డబ్బా తిరిగి వాడి చేతిలో పెట్టింది. "గా మోటు గొంతు లేకపోతె నువ్వు ఏం స్పీడు పెంచుతుంటివి?"

వాడు కారు తిప్పుకుని పోయాడు. అక్క చీపురు తీసుకుని, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. భయమా కోపమా నాకు తెలియలేదు. అడిగితే, "రెండు" అంది.

పెళ్లిరోజు వచ్చింది.

మా దగ్గర ఎదురుకోళ్లు అని ఒక ముచ్చట ఉంది. మగపెళ్లివాళ్లు ఊరి శివారుకు వచ్చి ఆగుతారు. ఆడపెళ్లివాళ్లు బాజాతో ఎదురెళ్లి వాళ్లను తీసుకొస్తారు. రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడతాయి, మధ్యలో కొంత జాగా ఖాళీ. పెద్దమనుషులు ముందు వెళ్లి బొట్టు పెట్టి పానకం ఇచ్చేదాకా ఆ జాగా ఎవరూ దాటరు. అప్పటిదాకా రెండు వైపుల బాజాలకు పోటీ. ఎవరి బాజా గెలిస్తే వాళ్లది పైచెయ్యి. వెనకట డప్పులు పోటీపడేవి, తరువాత బ్యాండ్లు. ఈసారి మేము ఆడపెళ్లివాళ్ల బ్యాండు. మగపెళ్లివాళ్లు జగిత్యాల వైపునుంచి డీజే తెచ్చారు. లారీ నిండా నల్లటి డబ్బాలు, ఇల్లంత ఎత్తు. పైన బల్ల దగ్గర సాగర్ అనే డీజే, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక చెవి మూసుకుని నిలబడ్డాడు. పొద్దు బాగా ఎక్కింది. ఎండకు నా శాక్సోఫోన్ పట్టుకుంటే కాలుతోంది.

మేము ఒక పాట ఊదాం. వాళ్లు ఒక పాట వేశారు. మా ఇత్తడి వాళ్ల డబ్బాల ముందు ఏమూలకు? అయినా మామ బుగ్గలు ఉబ్బించి ఊదుతూనే ఉన్నాడు.

అప్పుడు సాగర్ మొగులు పాట వేశాడు.

నేల అదిరింది. మగపెళ్లి కుర్రవాళ్లు గాలిలోకి లేచారు. ఆ సన్నగొంతు శివారంతా పరుగులు పెట్టింది. మా వైపు పెళ్లికూతురి మేనమామ మా మామ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం మాస్టర్, మన కాడ పాడే మనిషి ఉన్నది గదా? గదే పాట మీరు ఎత్తుండ్రి!"

మామ అక్క వైపు చూశాడు. ఆ చూపులో, ఇదే నువ్వడిగిన పెళ్లి అన్న మాట నాకు స్పష్టంగా కనిపించింది. అక్క చేతిలో తీగలేని మైకు ఉంది. ఎత్తుకుంది. తన శృతిలో, తన నడకలో. పర్శరాములు డోలు ఆమె వెంట నడిచింది.

డీజే మోతలో ఆమె గొంతు కొట్టుకుపోయింది. మొదటి చరణం కూడా కాలేదు, అవతలి కుర్రవాళ్లు చేతులూపుతూ అరవడం మొదలుపెట్టారు. "బంద్ జెయ్యక్కా! ఒరిజినల్ మా కాడ ఉన్నది! డూప్లికేట్ మాకొద్దు!" మా వైపువాళ్లు కూడా కొందరు నవ్వారు. మన ఊరివాళ్లే, మన అన్నం తిన్నవాళ్లే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మామ క్లారినెట్ దించి, పక్కకు తిరిగి, మైకు బంద్ చెయ్యమని ట్రాలీ వాడికి సైగ చేయబోయాడు.

అక్క పాట ఆపింది. మైకు కిందికి దించింది. అయిపోయిందనుకున్నాను.

ఆమె నడక మొదలుపెట్టింది. ముందుకు, ఆ ఖాళీ జాగాలోకి.

"అగో, అగో! బ్యాండోళ్లు దాటుడేంది?" అని మేనమామ కేకలేశాడు. "పెద్దమనుషులు ఇంక పోనే లేదు! వెనుకకు రా!"

ఆమె వెనక్కి చూడలేదు. రెండు ఊళ్ల జనం చూస్తుండగా ఆ ఎర్రటి ఎండలో ఒక్కతే నడిచి లారీ దగ్గరికి పోయింది. నేను శాక్సోఫోన్ మెడలో వేలాడేసుకుని వెనకాల పరుగెత్తాను. ఎవడైనా చెయ్యి వేస్తే చూసుకుందామని. ఎవడూ వెయ్యలేదు.

"తమ్మీ, స్పీడు తగ్గించు" అంది సాగర్‌తో.

"ఏందక్కా? జనం ఎగురుతున్నరు."

"జర తగ్గించు. నువ్వు తగ్గిస్తవా, నన్ను పైకెక్కి తగ్గించుమంటవా?"

సాగర్ ఆమె మొహంలోకి చూశాడు. నాకు తెలుసు, పని తెలిసినవాడికి పాట గురించి మాట్లాడుతున్న మనిషి ఎవరో, గొడవకొచ్చిన మనిషి ఎవరో తేడా తెలుస్తుంది. ఏమనుకున్నాడో, బల్ల మీద ఉన్న చిన్న మీట మీద వేలు పెట్టి కిందికి లాగాడు.

పాట నడుము వంగింది. ఎగురుతున్నవాళ్ల కాళ్లు తడబడ్డాయి. "ఓయ్, ఏమైందిరా!" అని అరుపులు.

"ఇంక" అంది అక్క.

ఇంకొంచెం లాగాడు. సన్నగొంతు లావెక్కింది. పదహారేళ్ల పిల్ల ముప్పైలోకి వచ్చింది.

"ఇంక తమ్మీ. భయపడకు. ఇంక."

ఆ మెరుపు మోతలన్నీ చప్పబడి కింద పడ్డాయి. గొంతు దిగుతూ దిగుతూ, ఎక్కడో ఒకచోట, ఇక దిగనక్కర్లేదన్నట్టు ఆగింది. అక్క చెయ్యెత్తి చాలు అంది. లారీ మీద ఇల్లంత ఎత్తు డబ్బాల్లోంచి వినోదక్క పాడుతోంది. మెల్లగా, బరువుగా, నాట్ల నడకలో.

అప్పుడు ఆమె మైకు నోటి దగ్గర పెట్టుకుని అదే మాట దగ్గర పాటలో కలిసింది. ఆమె మైకు మా ట్రాలీ స్పీకర్లది. అటు లారీ డబ్బాల్లో ఒక గొంతు, ఇటు మా స్పీకర్లలో ఒక గొంతు. రెండూ ఒకటే. మధ్యలో ఆమె. జనం మొదట లారీ వైపు చూశారు, తరువాత మా ట్రాలీ వైపు చూశారు, చివరికి ఆమె మొహం చూశారు. డూప్లికేట్ అని అరిచినవాడు ఊపుతున్న చెయ్యి దించాడు.

"ఇగ నీది బంద్ జెయ్యి" అంది అక్క సాగర్‌తో.

వాడు కళ్లద్దాలు తీసి, బంద్ చేశాడు.

ఒక్క గొంతే మిగిలింది. *నారైతె ముదిరింది*, అంది అక్క. జవాబు ఎక్కడినుంచి వచ్చిందో ముందు నాకర్థం కాలేదు. మా వైపు ఆడవాళ్లలో పెళ్లికూతురి నాయనమ్మ కిష్టవ్వ ఉంది. బతుకంతా మళ్లలో వంగిన మనిషి, నడుము ఇప్పటికీ నిలబడదు. ఆమె పట్టుచీర కొంగు నడుముకు చెక్కుకుని, "ఓ నా మావ" అంది. పక్కనున్న ఆడవాళ్లు అందుకున్నారు. తరువాతి మాటకు అవతలి వైపు ఆడవాళ్లు కూడా అందుకున్నారు. ఆ పాట గుర్రం మీద పోయినన్నాళ్లూ కుర్రవాళ్లదే. నడిచి వచ్చేసరికి వీళ్లందరిదీ అయింది. ఖాళీ జాగా ఎప్పుడు నిండిందో తెలియదు. పెద్దమనుషుల చేతిలో పానకం చెంబులు చేతిలోనే ఉన్నాయి.

నేను శాక్సోఫోన్ ఎత్తి ఆమె శృతి వెతుక్కుని పట్టుకున్నాను. వెనక డోలు ఎలాగూ ఆమెతోనే ఉంది. మామ క్లారినెట్ రాలేదు. తల తిప్పి చూశాను. పెదాల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేళ్లు మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ పాటను మేమంతా యూట్యూబ్ శృతిలోనే సాధన చేశాం మరి. రెండుసార్లు తప్పు పలికాడు. ఇన్నేళ్లలో ఆయన నలుగురిలో తప్పు పలకడం నేను వినలేదు. మూడోసారి దొరికింది. కిందికి, ఆమె దగ్గరికి వచ్చి చేరాడు. అప్పుడు బ్యాండంతా వచ్చింది.

ఇంకా సగం పాట ఉండగానే పంతులు గడియారం చూసుకుంటూ పెళ్లికూతురి తండ్రి చెవిలో ఏదో అన్నాడు. ఆయన చెమటలు తుడుచుకుంటూ జనాన్ని తోసుకుని అక్క ముందుకొచ్చాడు.

"జల్ది కానియ్యమ్మా, ముహూర్తం దాటుతున్నది! జర స్పీడు పెంచు!"

మాకు ఈ పెళ్లి బేరం ఇచ్చిన మనిషి ఆయన. మామ కూడా ఊదుతూనే కళ్లు పెద్దవి చేశాడు.

అక్క పాడుతున్న మాట పూర్తిచేసింది. తొందరపడకుండా ఊపిరి తీసుకుంది. మైకు దించలేదు. ఆమె చెప్పింది మా స్పీకర్లలో శివారంతా వినబడింది.

"నా పేరు వినోద. గీ పాట నేను కట్టిన. ఇంక రెండు చరణాలున్నయి. అయినంక పోదాం."

పెళ్లికూతురి తండ్రి ఆమె వైపు చూశాడు, జనం వైపు చూశాడు. కిష్టవ్వ కొడుకు రెక్క పట్టుకుని పక్కకు లాగింది. ఎవరూ కదల్లేదు. పంతులు గడియారం మీద పంచె చెంగు కప్పుకున్నాడు. పర్శరాములు డోలు మీద ఒక్క దెబ్బ వేసి ఆగాడు, ఆమె ఎప్పుడు మొదలుపెడితే అప్పుడని.

ఆమె మొదలుపెట్టింది.